కడబంతిలో ఆరో కార్డు

నిద్ర చాలనివాళ్ళకి పగలు కూడా నీళ్ళ అడుగు నుంచి చూసినట్టే ఉంటుంది. ఆ పిల్లతల్లికి ఏడు నెలలుగా అన్ని పగళ్ళూ అలాగే గడుస్తున్నాయి. కిటికీ, కిటికీకి కట్టిన పాత చీర, చీర వెనక చలికాలపు తెల్లటి ఎండ, అన్నీ కాస్త కదులుతూ, కాస్త కరుగుతూ కనిపించేవి. గదిలో కరగకుండా, కదలకుండా నిలబడి ఉన్నది యంత్రం ఒక్కటే. అది మాత్రం వేళాపాళా లేకుండా ఒకే శ్రుతిలో హోరుమంటూ ఉండేది.

యంత్రమంటే మూతపెట్టిన పెట్టె కాదు. అల్యూమినియం కడ్డీలతో బిగించిన అర. పాప ఉయ్యాలంత పొడవుంటుంది. అడుగున తీగలు గుచ్చిన పలక, పైకడ్డీకి వరసగా ఆరు గ్రాఫిక్స్ కార్డులు, ఒక్కోదానికీ రెండేసి ఫ్యాన్లు. ఆటల్లో బొమ్మలు చూపించడానికి పుట్టిన కార్డులవి. ఇక్కడ వాటికి బొమ్మలతో పనిలేదు, పొద్దస్తమానం లెక్కలు చేయడమే. ఆ లెక్కలకి బదులుగా కంటికి కనిపించని నాణెం ఎక్కడో రవ్వరవ్వగా పోగవుతుంది. దాన్నే తవ్వడమంటారు. పెళ్ళయిన కొత్తలో ఆమె, "గడ్డపార లేకుండా తవ్వడమేంటి?" అని అడిగితే భర్త నవ్వి, "కరెంటే గడ్డపార" అన్నాడు. చెల్లెల్ని ఎత్తుకోవడానికి ఇంట్లో మనిషి కావాలని తొమ్మిదో తరగతిలోనే బడి మాన్పించిన పిల్లకి ఆ జవాబు ఎంతో నచ్చింది. ఇక వేరే ఏమీ అడగలేదు.

భర్త లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో సగం మేడలు ఆయన చేతి చలవతోనే పైకీ కిందికీ నడుస్తాయి. యంత్రాన్ని కూడా తన చేత్తోనే కట్టుకున్నాడు. మొదటి ఐదు కార్డులూ ఒకేసారి వచ్చాయి. ఆరోది మొన్న మొన్న, ఎవరో వాడి అమ్మేసింది తెచ్చాడు. అత్తగారు వాటికి పేర్లు కూడా పెట్టింది. ముందొచ్చిన ఐదూ అక్కచెల్లెళ్ళు. వాళ్ళలో వరస మొదట, అంటే తలుపు వైపున ఉన్నది పెద్దక్క. గోడవైపు చివర కూర్చున్న ఆరోది కొత్తకోడలు.

కొత్తకోడలు అడుగుపెట్టినప్పటి నుంచీ తంటా మొదలైంది. యంత్రం గంటో రెండు గంటలో బాగానే నడిచేది. పక్కనున్న తెర మీద, కార్డుకొకటి చొప్పున, ఆరు వరసలు పచ్చగా వెలిగేవి. ఉన్నట్టుండి ఆరో వరస ఎర్రబడి మాయమయ్యేది. దాని వెనకే మొత్తం యంత్రం నీలుక్కుపోయేది. ఆపి మళ్ళీ వేస్తే మళ్ళీ అదే కథ.

ఆమె బాధ అది కాదు. ఆమెకి వాసన వస్తోంది.

ఘాటుగా ఏమీ కాదు. పాపకి పాలిస్తూ కళ్ళు మూతలు పడుతున్నప్పుడు, వెచ్చటి గాలి ముఖానికి తగులుతున్నప్పుడు, ఆ గాలి అంచున సన్నగా ఏదో తేలివచ్చేది. ముక్కు తిప్పి వెతికితే ఉండేది కాదు. ఉన్నవి రెండు గదులు. ముందుగదిలో అత్తగారు, ఈ గదిలో వీళ్ళు ముగ్గురూ, యంత్రమూ. పాప మంచం యంత్రానికి నాలుగు అడుగుల దూరం. చలికాలం యంత్రం వేడికి గది గూడులా ఉంటోందని ఇంట్లో అందరికీ సంతోషం, ఆమెకి తప్ప.

ఆ పొద్దున భర్త సంచి భుజానికి తగిలించుకుంటూ అన్నాడు: "సాయంత్రం వస్తూ ఇంకో కార్డు తెస్తాను. దీన్ని అమ్మినవాడి మొహానే కొట్టేస్తా. కొత్తది పెట్టి రాత్రంతా ఆపకుండా నడిపి చూద్దాం."

"మరి ఆ వాసన సంగతి?"

"ఏ వాసన?"

"చెప్పానుగా. ఎండలో మెత్తబడ్డ దువ్వెన వాసన."

ముందుగదిలోంచి అత్తగారు అందుకుంది. "దువ్వెనకి వాసనేంటే తల్లీ? తలకుంటుంది గానీ."

భర్త నవ్వాపుకోలేదు. "పోయిన నెల గ్యాసన్నావు. చూస్తే పాలు మాడాయి. అంతకుముందు పాపకి ఒళ్ళు కాలిపోతోందని వీధి చివర డాక్టరు దాకా పరుగెత్తావు. ఆయన మూడు స్వెట్టర్లు విప్పాడు, జ్వరం దిగిపోయింది."

"అది వేరు."

"అన్నీ వేరేలే. నీ ముక్కుకి కాస్త సెలవివ్వు."

ఆమె ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకి బాగా వచ్చిన విద్య. కానీ రాత్రంతా ఆపకుండా అన్న మాట మాత్రం చెవిలో నీటిచుక్కలా నిలిచిపోయింది. రాత్రంతా అంటే పాప నిద్రపోయినంతసేపూ. చీకటి పడేలోగా ఆ వాసన ఎక్కడిదో పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే ఈ గదిలో తనకి కన్ను మూతపడదు, పాపని పక్కన పెట్టుకుని తెల్లవార్లూ యంత్రాన్ని చూస్తూ కూర్చోవడమే.

పదిగంటలకి అత్తగారు పాపని ఎత్తుకుని ఎండపొడకి మేడ మీదకి వెళ్ళింది. ఆమె ఫోను తీసింది.

"నేనొకసారి చూడనా దాన్ని?"

"నువ్వా?" అవతల గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. లిఫ్టు గుంతలో ఉన్నాడు. "సరే, ఊరికే కూర్చుంటే ఇంకేదో వాసనంటావు. ముందు స్విచ్చి ఆపి ప్లగ్గు పీకెయ్. ఫ్యాన్లన్నీ నిలబడ్డాకే చెయ్యి పెట్టు. ఇంకోటి, ఒక్కసారికి ఒక్కటే మార్చు. రెండు మారిస్తే తప్పెవరిదో తేలదు. వింటున్నావా? హలో? హలో…"

గుంత ఆయన్ని మింగేసింది. ఆ రెండో మాట మాత్రం ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పాప ఏడిస్తే ఆమె చేసేదదే. ముందు గుడ్డ చూస్తుంది. పొడిగా ఉంటే పాలిస్తుంది. తాగకపోతే భుజాన వేసుకుని వీపు నిమురుతుంది. అన్నీ ఒకేసారి చేస్తే ఏడుపు ఆగుతుందేమో కానీ ఎందుకు ఏడ్చిందో ఎప్పటికీ తెలియదు.

ప్లగ్గు పీకింది. పన్నెండు ఫ్యాన్లూ ఒకదాని తర్వాత ఒకటి నెమ్మదించాయి. చివరిది ఆగాక ఆమె యంత్రం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, మొదటిసారి దాన్ని తీరిగ్గా చూసింది.

ప్రతి కార్డూ ఒక బుల్లి పీట మీద కూర్చుని ఉంది. రైజరంటారు దాన్ని. పీట నుంచి అడుగున ఉన్న పలకకి ఒక నీలం తీగ వెళుతుంది, అది మాటలు మోసేది. కరెంటు డబ్బా నుంచి పీటకి ఇంకో తీగ వస్తుంది, అది తిండి మోసేది. కార్డు తన పెద్ద ముద్దలు నెత్తి మీది లావు తీగతో తింటుంది, కానీ పీట నుంచి కూడా కాస్త అందాలి. అందకపోతే అలుగుతుంది. ఇవన్నీ భర్త కట్టేటప్పుడు పక్కన స్క్రూలు పట్టుకుని కూర్చుని విన్నవే. విన్నది ఒంటబట్టిందని ఆమెకే తెలియదు.

ముందు కార్డులు మార్చింది. కొత్తకోడల్ని తీసి తలుపు వైపు పెద్దక్క పీట మీద కూర్చోబెట్టింది. పెద్దక్కని తెచ్చి గోడవైపు ఆరో పీట మీద పెట్టింది. ఇంకేదీ ముట్టుకోలేదు. ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసింది. హోరు మళ్ళీ మొదలైంది. తెర మీద ఆరు వరసలూ పచ్చబడ్డాయి.

గంట గడవకముందే ఆరో వరస ఎర్రబడింది.

ఆమె తెరకేసి, కార్డులకేసి మార్చి మార్చి చూసింది. పడిపోయింది పెద్దక్క! ఏడాదిగా ఒక్క మాట పడని పెద్దక్క, ఆ చివరి పీట ఎక్కగానే కూలబడింది. ఇన్నాళ్ళూ మాటలు పడ్డ కొత్తకోడలు తలుపు పక్కన కూర్చుని యంత్రం నీలుక్కుపోయేదాకా చక్కగా తిరిగింది.

అత్తగారు పాపతో మెట్లు దిగి వచ్చేసరికి ఆమె గుమ్మంలోనే ఎదురెళ్ళింది. "అత్తయ్యా, తప్పు కొత్తకోడలిది కాదు!"

అత్తగారు కళ్ళు చిన్నవి చేసింది. "ఏ కోడలి సంగతి చెబుతున్నావే?"

"కార్డు అత్తయ్యా. కార్డు."

"ఆహా. నేనింకా కేసు నా మీదకి వస్తోందేమో అనుకున్నా." పాపని చేతికిచ్చింది. "ఇదిగో, ఆకలేసినట్టుంది. నా గొలుసు నమిలేస్తోంది."

పాపకి పాలిచ్చి, అత్తగారి పక్కలో పడుకోబెట్టి, మళ్ళీ యంత్రం దగ్గరికి వచ్చింది. కార్డు నిర్దోషి. ఇక మిగిలినవి మూడు: మాట మోసే తీగ, పీట, తిండి మోసే తీగ. నీలం తీగ రెండు కొసలూ విప్పి కొత్తది గుచ్చింది. స్విచ్చి వేసి, గోడకి వీపు ఆనించి, ఎర్రరంగు కోసం ఎదురు చూస్తూ కూర్చుంది.

ఎండ చీరలోంచి వడకట్టుకుని నేల మీదకి వచ్చింది. వెచ్చటి గాలి ముఖాన్ని నిమిరింది. పన్నెండు ఫ్యాన్ల హోరు పన్నెండు కాక ఒక్కటైంది. ఆ ఒక్కటీ దూరంగా జరిగి వాన చప్పుడులా, తర్వాత ఎవరో చాపలు పరుస్తున్న చప్పుడులా మారింది.

చాపల మీద బంతి సాగింది. ఎక్కడ మొదలైందో కనిపించనంత పొడవైన బంతి. అందరూ పీటల మీద కూర్చుని తలలు వంచి తింటున్నారు. ఒకే ఒక గరిటె ఆ చివర నుంచి ఈ చివరికి ఎవరూ పట్టుకోకుండానే గాలిలో తేలుతూ వస్తోంది. మొదట్లో నిండుగా ఉంది. వచ్చేకొద్దీ తేలికవుతోంది. ఆమె కడబంతిలో కూర్చుని ఉంది. ఒళ్ళో పాప ఉంది. గరిటె వచ్చి ఆమె ముందు ఆగింది. దాన్నిండా పొగ తప్ప ఏమీ లేదు. "ఏమీ లేదేం?" అని అడిగింది ఆమె. పక్కనున్నవాళ్ళు తలెత్తకుండా, "నీకు పెట్టారుగా" అన్నారు. లేదు, పెట్టలేదు అని చెబుదామంటే నోరు పెగల్లేదు. పాప గరిటె కోసం చెయ్యి చాచింది. గరిటె కాలుతోంది. ఖాళీ గరిటె ఎందుకు కాలుతుంది? ఆమె చెయ్యి అడ్డం పెట్టబోయి…

కళ్ళు తెరిచింది.

గది అంతా అదే వాసన. తెర మీద ఆరో వరస ఎర్రగా ఉంది. అయితే నీలం తీగ కూడా నిర్దోషే. ఆమె లేచి ప్లగ్గు పీకేసింది. ఫ్యాన్లు ఆగేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత చూపుడువేలు కరెంటు డబ్బా దగ్గర పెట్టి, తిండి తీగ వెంట నడిపించింది.

డబ్బా నుంచి రెండు తీగలు పీటలకి వస్తున్నాయి. మొదటిది కాస్త లావుది, పెద్దక్క దగ్గర మొదలై మూడు పీటలకి. రెండోది సన్నటిది, నాలుగుకి, అక్కడి నుంచి అదే తీగ ఐదుకి, అదే తీగ ఆరుకి. వేలు మెల్లగా వెళ్ళింది. నాలుగు దగ్గర తీగ గోరువెచ్చగా ఉంది. ఐదు దగ్గర వేడిగా ఉంది. ఆరు దగ్గర వేలు చటుక్కున వెనక్కి వచ్చింది.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. ఈ వడ్డన మనిషి చేసేది కాదు కదా, మొహమాటాలూ అభిమానాలూ ఉండడానికి. ముందు కూర్చున్నవాళ్ళు తినగా మిగిలిందే చివరికి చేరేది. ఆ చివర పీట మీద పెద్దక్కని కూర్చోబెట్టినా, మహారాణిని కూర్చోబెట్టినా పడిపోవాల్సిందే. ఐదుగురు ఉన్నన్నాళ్ళూ ఆ తీగ ఇద్దరినే మోసింది కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చింది. మూడో మనిషి వచ్చేసరికి నడుం విరిగింది.

చల్లారాక, ఆరో పీటలో గుచ్చిన ఆ తీగ చివరి తలని పట్టుకుని లాగింది. రాలేదు. పీటకి అతుక్కుపోయింది. అటూ ఇటూ కదిపి, పళ్ళ బిగువున లాగితే టక్కుమని ఊడింది. తెల్లగా ఉండాల్సిన దాని నోరు టీ మరకలా గోధుమరంగుకి తిరిగి, ఒక మూల కరిగి జారింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఎండలో మెత్తబడ్డ దువ్వెన.

ఏడుపొచ్చింది. భయంతో వచ్చిందో, నిజమే అయినందుకు వచ్చిందో తెలియలేదు. భర్తకి ఫోను చేస్తే గుంతలోంచి "హలో… హలో…" తప్ప ఇంకేం రాలేదు. ఆ తీగని డబ్బా నుంచి కూడా పీకి గుప్పిట్లో పెట్టుకుంది. సాయంత్రం ఆయన వచ్చేదాకా ఆ గుప్పిట దాదాపు విప్పలేదు. పాప గుడ్డలు కూడా ఒంటిచేత్తోనే మడిచింది.

భర్త చంకలో కొత్త కార్డు డబ్బాతో, ఈలపాటతో వచ్చాడు. ఆమె గుప్పిట విప్పింది.

ఈలపాట సగంలో ఆగింది. ఆ కాలిన తలని దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. వాసన చూశాడు. మంచం అంచున మెల్లగా కూర్చున్నాడు.

"మూడూ ఒకే తీగకి ఇచ్చావు," అంది ఆమె.

"తీగకి మూడు తలలున్నాయి కదా అని…" కాలిన తలని వేళ్ళ మధ్య తిప్పాడు. "నలుగురెక్కే లిఫ్టులో పదిమంది ఎక్కితే నేనే తిడతాను వాళ్ళని. బోర్డు కూడా రాయించి పెడతాను."

అత్తగారు పాపని చంకన వేసుకుని వచ్చి తొంగిచూసింది. "ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందట. బాగుందిరా నాయనా." తర్వాత ఆ కాలిన ముక్కని చూస్తూ గొంతు తగ్గించింది. "నాకూ వచ్చింది ఆ వాసన. నాలుగు రోజులైంది."

ఆమె గిరుక్కున తిరిగింది. "మరి చెప్పలేదేం అత్తయ్యా?"

"నిన్ను పిచ్చిదంటున్నారు. నేనూ చెబితే ముసల్దానికి ముక్కు కూడా పోయిందంటారని…" అత్తగారు పాప జుట్టు సవరించింది, అది సవరించేటంత లేకపోయినా. "తప్పేలే. చెప్పాల్సింది."

ఆ తర్వాత అరగంట భర్త పనిచేశాడు. అటక మీది తన డబ్బాలోంచి లావు తీగలు తీశాడు. ఒక తీగకి రెండు పీటలే, మూడోది లేదు. కాలిన పీట తీసేసి కొత్త పీట వేశాడు. ఆమె పక్కనే కూర్చుని స్క్రూలు అందించింది. స్విచ్చి వేశాక ఇద్దరూ తీగల మీద వేళ్ళు పెట్టి గంటసేపు కూర్చున్నారు. తీగలు చల్లగా ఉన్నాయి. తెర మీద ఆరు వరసలూ పొలంలా పచ్చగా నిలబడ్డాయి. కొత్తకోడలు అందరికంటే చురుగ్గా ఉంది.

"ఇప్పుడు చూడు. వాసనుందా?"

"లేదు."

"తీగ కాలుతోందా?"

"లేదు."

"మరింకేం! అంతా నీ వల్లే. ఇక నిశ్చింతగా పడుకో. గది కూడా వెచ్చగా ఉంటుంది పాపకి."

అప్పుడు తెలిసింది ఆమెకి, తన కాళ్ళ కింద చాప తానే లాగేసుకుందని. ఇన్నాళ్ళూ ఆమె చేతిలో ఉన్న మాట ఆ వాసన ఒక్కటే. దాన్ని తానే వెతికి తానే పోగొట్టింది. ఇక ఈ యంత్రం ఈ గదిలో ఉండకూడదని చెప్పడానికి తన దగ్గర ఏమీ మిగల్లేదు. పాప మంచానికీ యంత్రానికీ మధ్య నాలుగడుగులు అలాగే ఉన్నాయి.

"దీన్ని వసారాలో పెడదాం," అంది.

"ఎందుకు? బాగైందిగా."

"బాగైంది."

"మరి? అక్కడ దుమ్ము."

"రోజూ నేను తుడుస్తాను."

"ఒక్క కారణం చెప్పు. ఒక్కటి."

వెతికింది. పొద్దున్నుంచీ వెతకడం అలవాటైంది కదా, ఒక్కొక్కటే తీసి చూసింది. కార్డు కాదు, తీగ కాదు, పీట కాదు. "కారణం లేదు," అంది చివరికి. "భయం. అది ఏ తీగకి తగులుకుని ఉందో నాకు తెలీదు. పాప ఇక్కడ పడుకుంటే ఇది ఇక్కడ ఉండకూడదు. అంతే."

ఆయన నవ్వబోయాడు. పెదవి దాకా వచ్చిన నవ్వు, పక్కన పెట్టిన కాలిన ముక్కని చూసి ఆగిపోయింది. గుమ్మంలో అత్తగారు, "దుప్పటి ఇంకోటి కప్పుకుంటే సరిపోతుంది పిల్లకి. నా పెట్టెలో ఉన్నిది ఉంది" అంది, ఎవరి వైపూ చూడకుండా.

ఆయన వంగి ప్లగ్గు పీకాడు.

చెరో కొసా పట్టుకున్నారు. అనుకున్నదానికంటే బరువు. గుమ్మం దగ్గర అడ్డంగా పట్టలేదు, నిలువుగా తిప్పారు. "వేళ్ళు జాగ్రత్త," అన్నాడాయన. "నువ్వు కార్డులు జాగ్రత్త," అంది ఆమె. ముందుగది దాటి, గ్రిల్లు ఉన్న వసారాలో, రాతిబల్ల మీద దింపారు. తీగ లాగి పెట్టడానికి ఆయన అక్కడే ఉండిపోయాడు.

ఆమె తిరిగి గదిలోకి వచ్చింది. గది ఒక్కసారిగా పెద్దదైనట్టుంది. వెచ్చదనం మూలల్లోంచి మెల్లగా దిగిపోతోంది. ఉన్ని దుప్పటిలో పాపని చుట్టి పడుకోబెట్టి, తానూ పక్కన ఒరిగింది. కళ్ళు మూసుకుంది. ఏదో సన్నటి చప్పుడు వినిపించింది. తలెత్తింది. ఏ తీగా లేదు, ఏ ఫ్యానూ లేదు. మళ్ళీ ఒరిగింది. చలికి చిన్న ముక్కు కాస్త మూసుకుపోయి, ఊపిరి లోపలికి వెళ్ళినప్పుడల్లా ఈల వేస్తోంది. బయటికి వచ్చినప్పుడు వేయడం లేదు. లోపలికి ఈల, బయటికి మెత్తన. ఏడు నెలల పాప ఊపిరికి చప్పుడుంటుందని ఆమెకి ఇవాళే తెలిసింది.

వసారాలోంచి భర్త కేక వేశాడు: "ఆరూ పచ్చగా ఉన్నాయే! వింటున్నావా, ఆరూ!"

ఆమె పలకలేదు. పలికితే ఆ ఈల వినిపించదు.